పట్టుమని 13 కిలోమీటర్లు కూడా తవ్వలేదు, భూమి మధ్యలో ఏముందో ఎలా చెప్తున్నారు?

అడిగినవారి సందేహం ఇది: మనిషి తవ్విన అన్నిటికన్నా లోతైన రంధ్రం 12 కిలోమీటర్ల పైచిలుకు. భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల కింద ఉంది. అక్కడికి ఎవరూ వెళ్లలేదు, కెమెరా దింపలేదు, పిడికెడు మట్టి తేలేదు. అయినా పాఠ్యపుస్తకాల్లో బంతిని అడ్డంగా కోసినట్టు బొమ్మ వేసి, ఇక్కడ ద్రవ ఇనుము, ఇక్కడ ఘన ఇనుము అని రాసేస్తారు. ఇది ఊహ కాక ఇంకేమిటి?

సూటిగా జవాబు: భూకంపాలు చెప్పాయి. పెద్ద భూకంపం వచ్చిందంటే దాని తరంగాలు భూమి లోపలి నుంచి కూడా ప్రయాణించి అవతలి వైపు తేలతాయి. ఏ తరంగం ఎన్ని సెకన్లకు వచ్చింది, ఏది బలహీనపడింది, ఏది అసలు రాలేదు అన్నది వందలాది చోట్ల కొలిస్తే, అవి వచ్చిన దారి ఎలాంటిదో లెక్క కట్టొచ్చు. ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. సీస్మోమీటర్లు, అంటే నేల కదలికని నమోదు చేసే పరికరాలు, పాతడం, రికార్డుల్లో తరంగాలు వచ్చిన క్షణాల్ని గుర్తించడం, ఆ టైముల నుంచి లోపలి వేగాల్ని రాబట్టడం.

అయితే మీ అనుమానంలో కొంత న్యాయం ఉంది. తరంగం మనకి నేరుగా చెప్పేది వేగం ఒక్కటే. ఆ వేగాన్ని బట్టి అక్కడున్నది ఘనమా ద్రవమా అని తేల్చడం ఒక మెట్టు. అది ఏ పదార్థం అని తేల్చడం ఇంకో మెట్టు. ఎంత వేడిగా ఉంది అన్నది మూడో మెట్టు. ఈ మెట్లు ఎక్కేకొద్దీ మా నమ్మకం సన్నబడుతుంది. 2,900 కిలోమీటర్ల దగ్గర ఘనం అయిపోయి ద్రవం మొదలవుతుందన్న దాని మీద నేను ఎంత పందెమైనా కాస్తాను. నడిమధ్యన ఉష్ణోగ్రత ఫలానా అన్న అంకె మీద మాత్రం పెద్దగా కాయను. పుస్తకంలో ఈ రెండూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. అసలు చిక్కు అదే.

ముందు మీరు చెప్పిన ఆ రంధ్రం గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఈ మెట్ల సంగతి అక్కడే బాగా బయటపడింది. రష్యాలో కోలా ద్వీపకల్పం మీద 1970లో తవ్వకం మొదలుపెట్టారు. 1989కి 12,262 మీటర్లు చేరారు. వెడల్పు చూస్తే జానెడు, 23 సెంటీమీటర్లు. అడుగున 100 డిగ్రీల వేడి ఉంటుందనుకుంటే 180 దాకా ఉంది. ఆ వేడికి, ఆ ఒత్తిడికి రాయి మెత్తబడి, తవ్విన రంధ్రం మూసుకుపోవడం మొదలైంది. 1992లో ఆపేశారు.

నాకు ఆసక్తి కలిగించేది ఈ లోతు కాదు. అక్కడ సుమారు 7 కిలోమీటర్ల దగ్గర తరంగాల వేగం మారుతోందని తవ్వకానికి ముందే తెలుసు. గ్రానైట్ అయిపోయి బసాల్ట్ మొదలయ్యే చోటు అదేనని అప్పటివాళ్లు నమ్మారు. తవ్వి చూస్తే బసాల్ట్ లేదు. గ్రానైట్ తరహా రాయే, కాకపోతే వేడికీ ఒత్తిడికీ రూపాంతరం చెంది, నెర్రెలు బారి, ఆ నెర్రెల్లో నీళ్లు నిండి ఉంది. అంటే వేగం మారుతోందన్న మాట నిజం. దానికి పెట్టిన రాయి పేరు తప్పు. ఈ రెండింటికీ ఉన్న తేడా గుర్తుపెట్టుకుంటే, ఈ శాస్త్రంలో ఏ మాటని ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

ఇక తరంగాలు. ముఖ్యమైనవి రెండు రకాలు. పీ తరంగం రాయిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోతుంది, గాలిలో శబ్దంలాగే. ఎస్ తరంగం రాయిని పక్కలకి ఊపుతూ పోతుంది. పీ వేగం ఎస్ వేగానికి దాదాపు 1.7 రెట్లు, అందుకే ఎప్పుడూ ముందు అదే వస్తుంది. నేను పనిలో కొత్తగా చేరినప్పుడు మా పెద్దాయన నేర్పిన మొదటి చిట్కా: పీ వచ్చాక ఎన్ని సెకన్లకు ఎస్ వచ్చిందో చూసి, దాన్ని ఎనిమిదితో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చిందో తెలిసిపోతుంది. దగ్గరి భూకంపాలకి ఇప్పటికీ నోటిలెక్క అలాగే చేస్తాను, కంప్యూటర్ జవాబు ఇచ్చేలోపు.

ఇందులో కీలకం ఏమిటంటే, ఎస్ తరంగం ద్రవంలో నడవదు. నీటిని నొక్కితే ఎదురు తిరుగుతుంది, కాబట్టి పీ పోతుంది. పక్కకి తోస్తే మాత్రం నీరు అలా జరిగిపోతుందే తప్ప తిరిగి వెనక్కి లాగదు. అందుకని ఎస్ అక్కడే చచ్చిపోతుంది. భూమి లోపల ఏది గట్టి, ఏది జారు అని చెప్పే గీటురాయి ఇదే.

ఈ తరంగాల్ని నిజమైన రికార్డుల మీద విడివిడిగా గుర్తుపట్టింది రిచర్డ్ డిక్సన్ ఓల్డామ్. ఆయన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసేవారు. 1897 జూన్ 12న వచ్చిన అస్సాం మహాభూకంపం వేల కిలోమీటర్ల అవతల యూరప్ పరికరాల మీద గీసిన గీతల్ని చూసి, పీ, ఎస్, ఉపరితల తరంగాలు వేర్వేరుగా వస్తున్నాయని తేల్చారు. 1906లో ఇంకో అడుగు వేసి, బాగా దూరం వెళ్లిన తరంగాలు రావాల్సిన టైముకి రావట్లేదు కాబట్టి భూమి నడుమ వేరే రకం పదార్థంతో ఒక గోళం ఉందన్నారు. కోర్ అనే మాటకి మొదటి గట్టి ఆధారం అదే. 1913 ప్రాంతంలో బెనో గుటెన్‌బర్గ్ దాని అంచు 2,900 కిలోమీటర్ల లోతులో ఉందని లెక్క కట్టారు. ఈరోజు మేం వాడే అంకె 2,891. కంప్యూటర్ లేని రోజుల్లో, బొటాబొటి పరికరాలతో, కాగితం మీద చేసిన లెక్కకి పది కిలోమీటర్ల తేడా కూడా లేదు. నాకు ఇది చూసినప్పుడల్లా కొంచెం సిగ్గేస్తుంది.

మధ్యలో క్రొయేషియా శాస్త్రవేత్త మొహరోవిచిచ్ సంగతి కూడా చెప్పాలి. 1909 అక్టోబరు 8న జాగ్రెబ్ దగ్గర భూకంపం వస్తే, దూరపు కేంద్రాల్లో పీ ఒకటి కాక రెండు కనిపించాయి. ఒకటి పైపైన నేరుగా వచ్చింది. రెండోది లోతుకి దిగి, అక్కడి వేగవంతమైన పొరలో పరిగెత్తి మళ్లీ పైకొచ్చింది. ఊళ్ల మధ్య నుంచి పోయే దగ్గరి దారి కన్నా చుట్టూ తిరిగే హైవే మీద ముందు చేరినట్టు, దూరం ఎక్కువైనా ఇదే ముందు వచ్చింది. పటలానికీ, అంటే మనం నిలబడ్డ పైపొరకీ, దాని కింద కోర్ దాకా ఉన్న మందపాటి మాంటిల్ పొరకీ మధ్య సరిహద్దు అలా దొరికింది. దాన్ని మేం ముద్దుగా మోహో అంటాం. ఖండాల కింద సగటున 35, 40 కిలోమీటర్లు, సముద్రాల కింద 7 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

కోర్ ద్రవం అనడానికి కారణం అడిగితే "ఎస్ తరంగాలు అటువైపు రావు కాబట్టి" అని అందరూ చెప్తారు. పరీక్షలో మార్కులు వస్తాయి. కానీ నిజాయితీగా చెప్పాలంటే, "రాలేదు" అన్నది బలహీనమైన సాక్ష్యం. దాటలేక రాలేదా, లేక వచ్చినా మనకి కనపడలేదా? 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ దీన్ని వేరే దారిలో తేల్చారు. చంద్రుడి ఆకర్షణకి సముద్రంలాగే గట్టి నేల కూడా కొద్దిగా పొంగుతుంది. ఎంత పొంగుతుందో కొలిస్తే మొత్తం భూమి ఎంత బిరుసో తెలుస్తుంది. తరంగాలేమో మాంటిల్ ఎంత బిరుసో విడిగా చెప్తున్నాయి. లెక్క చూస్తే మాంటిల్ ఒక్కటే మొత్తం భూమి కన్నా బిరుసుగా తేలింది! మరి సగటుని కిందికి లాగుతున్నది ఎవరు? లోపల బిరుసు అనేదే లేని భాగం ఒకటి ఉండి తీరాలి, అంటే ద్రవం. రెండు సంబంధం లేని కొలతలు ఒకే మాట చెప్పినప్పుడు నేను పందెం కాయడానికి ఒప్పుకుంటాను.

ఇంకో సాక్ష్యం, నీడ. మేం దూరాన్ని భూమి కేంద్రం దగ్గర ఏర్పడే కోణంలో చెప్తాం, 180 డిగ్రీలంటే సరిగ్గా అవతలి వైపు. మాంటిల్ అడుగున పీ వేగం సెకనుకి 13.7 కిలోమీటర్లు. కోర్‌లో అడుగుపెట్టగానే 8కి పడిపోతుంది. వేగం అలా ఒక్కసారిగా పడితే తరంగం లోపలికి వంగుతుంది, నీళ్ల గ్లాసులో చెంచా విరిగినట్టు కనపడుతుందే, అదే సూత్రం. దాంతో సుమారు 104 నుంచి 140 డిగ్రీల మధ్య, అంటే 11,500 నుంచి 15,500 కిలోమీటర్ల దూరాల్లో, మామూలు పీ దాదాపు మాయమవుతుంది. అదే నీడ ప్రాంతం. ప్రపంచంలో ఏ మూల భూకంపం వచ్చినా, అక్కడి నుంచి కొలిస్తే నీడ అంతే దూరంలో పడుతుంది.

ఆ నీడలో ఉండకూడని ఒక సన్నటి పీ తరంగాన్ని పట్టుకున్నది డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్. 1929 జూన్ 17న న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపం రికార్డుల్లో అది కనిపించింది. మిగతావాళ్లు కోర్ అంచు దగ్గర చెదిరిన తరంగమేమో అని సర్దుకున్నారు. ఆమె సర్దుకోలేదు. భూకంపాల టైములు రాసుకున్న అట్టముక్కల్ని ఓట్స్ డబ్బాల్లో సర్దుకుని, ఆ లెక్కలతో కుస్తీ పట్టి, 1936లో చెప్పారు: కోర్ లోపల ఇంకో కోర్ ఉంది, దాని ఉపరితలం నుంచి ఈ తరంగం తిరిగొస్తోంది. దాని వ్యాసార్ధం ఇప్పటి లెక్కల్లో దాదాపు 1,220 కిలోమీటర్లు. ఆ పరిశోధనా పత్రానికి ఆమె పెట్టిన పేరు ఒకే ఒక్క అక్షరం, పీ, పక్కన చిన్న గీత. ఈ రోజుల్లో మా వాళ్లు శీర్షికకే నాలుగు లైన్లు రాస్తున్నారు. ఆమె 104 ఏళ్లు బతికారు, తను కనిపెట్టింది పాఠ్యపుస్తకంలోకి ఎక్కడం కళ్లారా చూశారు.

లోపలి కోర్ ఘనం అన్న మాటకి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. 1960 మే 22న చిలీలో 9.5 తీవ్రతతో భూకంపం వచ్చింది, పరికరాలతో కొలిచినవాటిలో ఇప్పటికీ అదే పెద్దది. ఆ దెబ్బకి భూమి మొత్తం గంటలా మోగింది. చెవికి వినపడే మోత కాదు. అన్నిటికన్నా మంద్రమైన స్వరం ఒక్కసారి ఊగడానికి 54 నిమిషాలు పడుతుంది. పగిలిన కుండని వేలితో తట్టి గుర్తుపట్టినట్టే, ఈ స్వరాల్ని బట్టి లోపల ఎక్కడ ఏ బిరుసు ఉందో చెప్పొచ్చు. 1971లో జివోన్‌స్కీ, గిల్బర్ట్ అలాంటి స్వరాల లెక్కతో లోపలి కోర్ ఘనమేనని చూపించారు. ద్రవం అనుకుంటే స్వరాలు కుదరవు.

ఇక్కడ పక్కకి వెళ్లి ఒక మాట. నన్ను అందరూ అడిగే ప్రశ్నల్లో సగం ఒక అపోహ నుంచే పుడతాయి: మన కాళ్ల కింద సన్నటి పెంకు, దాని కింద లావా సముద్రం, మనం దాని మీద తేలుతున్నాం అని. మాంటిల్ ద్రవం కాదు, గట్టి రాయి. ఎస్ తరంగాలు 2,891 కిలోమీటర్ల దాకా నిక్షేపంగా దిగి వస్తాయి, అంతకన్నా రుజువు అక్కర్లేదు. అగ్నిపర్వతాల లావా కోర్ నుంచి వచ్చేది కాదు. పైపైన, చాలావరకు పదుల కిలోమీటర్ల నుంచి వంద, నూట యాభై కిలోమీటర్ల లోతులో, పైకి లేస్తున్న రాయి మీద ఒత్తిడి తగ్గడం వల్లో, నీరు కలిసి కరిగే ఉష్ణోగ్రత పడిపోవడం వల్లో, ఆ రాయిలో కొద్ది శాతం కరిగి వస్తుంది.

గట్టి రాయి అయితే ఖండాలు ఎలా జరుగుతున్నాయి అంటారా? గట్టి రాయి కూడా లక్షల ఏళ్ల మీద పారుతుంది, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, గోరు పెరిగినంత నెమ్మదిగా. స్కాండినేవియాని చూడండి. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన మంచు దాన్ని అణిచిపెట్టింది. ఆ మంచు కరిగిపోయి పది వేల ఏళ్లయింది. బోత్నియా సింధుశాఖ చుట్టుపక్కల నేల ఇప్పటికీ ఏడాదికి సుమారు సెంటీమీటరు చొప్పున పైకి లేస్తోంది. పరుపు మీద నుంచి లేచాక అది నెమ్మదిగా పొంగినట్టు. ఆ పొంగే వేగాన్ని బట్టే మాంటిల్ ఎంత చిక్కగా ఉందో లెక్క కడతాం.

సరే, రెండో మెట్టు. ద్రవం అని తేలింది, మరి అది ఇనుము అని ఎవరు చెప్పారు? తరంగాలైతే చెప్పలేదు. ఇక్కడ నాలుగైదు వేరు వేరు దారులు ఒకే చోటికి వచ్చి చేరతాయి.

భూమి సగటు సాంద్రత నీటికి దాదాపు 5.5 రెట్లు. 1798లోనే హెన్రీ కావెండిష్ సీసపు గుండ్ల మధ్య ఆకర్షణని కొలిచి ఈ అంకెకి చాలా దగ్గరగా వచ్చారు. పైన మనకి దొరికే రాళ్లు 2.7 నుంచి 3 మధ్య ఉంటాయి. అంటే లోపలెక్కడో చాలా బరువైనది దాక్కుని ఉంది. అది నడిమధ్యన పోగై ఉందా, అంతటా పరుచుకుని ఉందా? భూమి తన చుట్టూ తాను తిరిగే తీరు చెప్తుంది. అంతటా ఒకేలా ఉండే గోళానికి ఒక గుణకం 0.4 రావాలి, భూమికి 0.33 వస్తుంది. బరువంతా మధ్యలోనే ఉందన్నమాట. తర్వాత, ఉల్కల్లో కొన్ని పూర్తిగా ఇనుము, నికెల్ ముద్దలు. అవి ఏనాడో పగిలిపోయిన చిన్న గ్రహాల గుండెకాయలు. ఇక అయస్కాంత క్షేత్రం ఉండనే ఉంది. ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతత్వం కోల్పోతుంది కాబట్టి లోపల శాశ్వత అయస్కాంతం ఉండే అవకాశమే లేదు. విద్యుత్తు ప్రవహించే ద్రవం సుడులు తిరుగుతూ ఉంటేనే ఆ క్షేత్రం పుడుతుంది.

1952లో ఫ్రాన్సిస్ బర్చ్ ఇవన్నీ కలిపి చూసి, ఆ వేగానికీ ఆ సాంద్రతకీ సరిపోయేది ఇనుమేనన్నారు. అయితే బయటి కోర్ స్వచ్ఛమైన ఇనుము కన్నా దాదాపు 10 శాతం తేలిక. అందులో ఏదో తేలికపాటి మూలకం కలిసి ఉంది. గంధకమా, ఆక్సిజనా, సిలికానా, కార్బనా, హైడ్రోజనా? లేక వీటిలో రెండు మూడు కలిసి ఉన్నాయా? ఈ గొడవ ఇంకా తెగలేదు, సదస్సుల్లో టీ విరామం అయిపోయినా వాదనలు అయిపోవు. కాబట్టి పుస్తకంలో "ఇనుము, నికెల్" అని చూస్తే, ఇనుము దాకా నమ్మండి, మిగతా వంటకం ఇంకా తేలలేదని మనసులో ఒక నక్షత్రం గుర్తు పెట్టుకోండి.

ప్రయోగశాల వాళ్ల పని కూడా తక్కువేం కాదు. రెండు వజ్రాల కొనల మధ్య వెంట్రుక కన్నా సన్నటి నమూనాని పెట్టి నొక్కుతారు, లేజర్‌తో కాలుస్తారు, ఎక్స్ కిరణాలతో చూస్తారు. భూమి నడిమధ్యన ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి సుమారు 36 లక్షల రెట్లు. 2010లో జపాన్ పరిశోధకులు ఆ ఒత్తిడినీ, ఆ స్థాయి వేడినీ వజ్రాల మధ్య సాధించారు. తరంగాలు చెప్పిన వేగాన్ని, ఇక్కడ పిండి చూసిన ఇనుము వేగంతో పోల్చి చూసుకోవచ్చు.

మూడో మెట్టు వేడి. లోపలి కోర్ ఘనం, బయటిది ద్రవం. కాబట్టి ఆ రెండూ కలిసే చోట ఉష్ణోగ్రత, అంత ఒత్తిడిలో ఇనుము కరిగే ఉష్ణోగ్రతే అయ్యుండాలి. ఆలోచన చక్కగా ఉంది. కానీ అంత ఒత్తిడిలో ఇనుము ఎప్పుడు కరుగుతుందో కొలవడం కష్టం, పైగా పేరు తేలని ఆ తేలిక మూలకం కరిగే ఉష్ణోగ్రతని మార్చేస్తుంది. అందుకే 5,000 నుంచి 6,000 డిగ్రీల మధ్య రకరకాల అంకెలు చూస్తారు. మీ అనుమానమంతా ఇక్కడ ఖర్చుపెట్టండి, నేనేమీ అనను.

"పిడికెడు మట్టి తేలేదు" అన్నారు కదా, అది పూర్తిగా నిజం కాదు. మనం తవ్వలేకపోయినా భూమి తనే కొంత పైకి పంపుతుంది. కింబర్లైట్ అనే అగ్నిశిల వజ్రాల్ని 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి పైకి విసురుతుంది, వాటితోపాటు మాంటిల్ రాళ్ల ముక్కలూ వస్తాయి. బ్రెజిల్‌లో జుయినా ప్రాంతంలో దొరికిన ఒక చిన్న, చూడ్డానికి ఏమాత్రం అందంలేని వజ్రంలో రింగ్‌వుడైట్ రేణువు ఉందని 2014లో ప్రకటించారు. ఈ ఖనిజం 500, 600 కిలోమీటర్ల లోతులో ఉండాలని ప్రయోగశాలలు ఎప్పుడో చెప్పాయి, ఉల్కల్లోనూ దొరికింది, కానీ భూమి నుంచి చేతికి అందడం అదే మొదటిసారి. పైగా దాని బరువులో ఒక శాతం పైగా నీరు, స్ఫటికంలో కట్టుబడి ఉంది. ముందు చెప్పి, తర్వాత చేతికి దొరికింది. ఊహకీ లెక్కకీ తేడా అదే.

ఇప్పుడు నా సొంత భంగపాటు ఒకటి. చాలా ఏళ్ల కిందట, కొండ ప్రాంతంలో డజను తాత్కాలిక కేంద్రాలు పెట్టాం. ఒక కేంద్రానికి మాత్రం దూరపు భూకంపాల పీ తరంగాలన్నీ సెకను పైగా ఆలస్యంగా వస్తున్నాయి. మా లెక్కల్లో సెకను అంటే చాలా పెద్దది. కింద వేడి రాయి ఉంది, అందుకే తరంగం నెమ్మదించింది అనుకున్నాను. ఎర్రగా మెరిసే బొమ్మ గీశాను, దాని చుట్టూ కథ అల్లాను, మూడు నెలలు ఆ మత్తులోనే గడిపాను. మా పెద్దాయన బొమ్మ చూసి ఒకటే అడిగారు: "ఆలస్యాన్ని దిక్కుల వారీగా గీశావు, తేదీల వారీగా గీశావా?" గీస్తే గుండె జారిపోయింది. ఆలస్యం వారం వారం పెరుగుతోంది. మాంటిల్ వారానికి ఇంత చొప్పున వేడెక్కదు కదా! వెళ్లి చూస్తే జీపీఎస్ యాంటెన్నా కేబుల్ని ఎలుక కొరికేసింది. టైము సరిదిద్దే సిగ్నల్ లేక పెట్టెలోని గడియారం తనిష్టం వచ్చినట్టు నడుస్తోంది. అప్పట్నుంచి ఏ డేటా వచ్చినా ముందు తేదీల వారీగా గీస్తాను. కుర్రాళ్లకి చాదస్తంగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

ఆ ఎర్ర బొమ్మల గురించి కూడా హెచ్చరిస్తాను, ఎందుకంటే వార్తల్లో అవే వస్తాయి. వేల భూకంపాల టైముల్ని కలిపి, ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసినట్టు భూమికి స్కాన్ తీస్తాం. అందులో ఎరుపు అంటే వేగం తక్కువ అని మాత్రమే అర్థం, వేడి అని కాదు. చాలాసార్లు వేడే అవుతుంది, కానీ పదార్థం వేరైనా వేగం తగ్గుతుంది. ఆఫ్రికా కింద ఒకటి, పసిఫిక్ కింద ఒకటి, మాంటిల్ అడుగున ఖండమంత ఎర్ర మచ్చలు ఉన్నాయి. ఉన్నాయన్నది ఖాయం, ఎవరు ఏ పద్ధతిలో చేసినా కనిపిస్తాయి. అవి ఏమిటి అని అడిగితే నలుగురు నాలుగు రకాలు చెప్తారు. మళ్లీ కోలా కథే: వేగం మీద ఒప్పందం, పేరు మీద తగాదా.

అంగారకుడి మీద కూడా ఇదే జరిగింది. 2018లో దిగిన ఇన్‌సైట్ నౌక అక్కడ ఒకే ఒక్క సీస్మోమీటర్ పెట్టింది. దాని రికార్డుల్లో కోర్ నుంచి తిరిగొచ్చిన తరంగాల్ని పట్టుకుని, కోర్ వ్యాసార్ధం దాదాపు 1,830 కిలోమీటర్లని 2021లో చెప్పారు. 2023లో మరిన్ని రికార్డులు కలిపి చూసిన రెండు బృందాలు, తరంగం తగిలి వెనక్కి వచ్చింది లోహపు కోర్‌కి కాదు, దాని మీద కప్పినట్టున్న కరిగిన రాతి పొరకి అన్నాయి. అసలు కోర్ సుమారు 1,650 కిలోమీటర్లకు తగ్గింది. తరంగం తిరిగొచ్చిన మాట నిజమే. దేనికి తగిలింది అన్న పేరు మారింది.

చివరిగా, ఇది నమ్మకం మీద నడిచే వ్యవహారం కాదనడానికి ఒక మాట. భూకంపం ఎక్కడ, ఎప్పుడు మొదలైందో కూడా మేమే లెక్క కట్టాలి కాబట్టి, గుడ్డిగా ఒకదాంతో ఒకటి సరిపెట్టుకుంటున్నామేమో అని మీరు అడగొచ్చు. భూగర్భ అణుపరీక్షలు ఆ అనుమానాన్ని తీర్చాయి. కొన్ని పరీక్షల స్థలం, సమయం కచ్చితంగా తెలుసు. వాటి తరంగాలు దూరపు కేంద్రాలకి చేరిన టైములు, భూకంపాల నుంచి తయారైన పట్టికలతో కొద్ది సెకన్ల తేడాలోనే సరిపోయాయి. ఆ కొద్ది తేడా కూడా వృథా పోలేదు, పైన చెప్పిన స్కాన్‌కి ముడిసరుకు అదే.

మీరే చూసుకోవచ్చు కూడా. ప్రపంచంలోని వందల కేంద్రాల రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 7 తీవ్రత దాటిన భూకంపం ఒకటి ఎంచుకోండి. 80, 120, 160 డిగ్రీల దూరంలో ఉన్న మూడు కేంద్రాల రికార్డులు దించుకుని ఒకదాని కింద ఒకటి పెట్టండి. 80 దగ్గర పీ, ఎస్ రెండూ స్పష్టంగా ఉంటాయి. 120 దగ్గర పీ ఉండాల్సిన చోట ఏమీ లేనట్టే ఉంటుంది. మరీ పరీక్షగా చూస్తే సన్నటి కదలిక ఒకటి కనపడొచ్చు, అది కోర్ అంచుని పట్టుకుని పాకుతూ వచ్చిన పీ. అక్కడే ఎస్‌లా ఊగే తరంగం ఒకటి కనిపించి "ఇదిగో ఎస్ వచ్చిందిగా!" అనిపిస్తుంది. తొందరపడకండి, అది కోర్‌లోకి పీగా మారి దూరి, బయటికి వచ్చాక మళ్లీ ఎస్‌గా మారినది. నేనూ మొదట్లో దానితోనే మోసపోయాను.

160 దగ్గర మొదటి తరంగం భూకంపం పుట్టిన దాదాపు 20 నిమిషాలకి వస్తుంది. లోపలి కోర్ గుండా వచ్చిన తరంగం అదే. ఫిల్టర్ 1 హెర్ట్జ్, అంటే సెకనుకి ఒక ఊపు, చుట్టుపక్కల పెట్టుకోండి, లేకపోతే ఐదు, పది సెకన్లకోసారి ఊగే సముద్రపు అలల రొదలో అది మునిగిపోతుంది. దొరక్కపోతే మీ మూడు గీతలూ, కేంద్రాల పేర్లూ కింద పెట్టండి, ఎక్కడ వెతకాలో గీత గీసి చూపిస్తాను.